పదిహేను క్రెడిట్లు

సొహార్ నుంచి మస్కట్‌కి రెండు వందల కిలోమీటర్లు.
మా నాయన నీలం ట్యాంకరుకి అది ఒక పూట.
నాకు రెండేండ్లు పట్టింది.

గౌతమీ, నువ్వు అడిగినావు గాబట్టి చెప్తాండా.
మొదటిసారి రాసిన ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉండాది.
"చిన్ననాటి నుంచీ నా కల" అని మొదలుపెట్టినా.
మా కాలేజీలో ల్యాబు సరిగా లేదని,
ఏసీ కారతాదని, లైబ్రరీ ఆరింటికే మూస్తారని
నాలుగు పేరాలు ఏకరువు పెట్టినా.
మూడు వారాలకి
రెండు వాక్యాల జవాబు.
రెండోది శుభాకాంక్షలు.

ఆ రాత్రి నాయన చేతులు కడుక్కోకుండానే
ఉత్తరం మొత్తం చదివించుకున్నాడు.
"ఇడిసిపోయే ఇంటి మీద ఇన్ని చాడీలా పాపా?
అప్పట్లో ఎన్వోసీ కోసం ఐదేండ్లు తిరిగినా,
పాత కఫీల్ జీతం ఎగ్గొట్టినాడని
కొత్తాయనకి ఒక్క ముక్క చెప్పలా.
రేపు నా గురించీ ఇట్లే చెప్తాడని
అనుకోడా ఆయన?"

మార్కులు ముఖ్యం. అది ఎవరైనా చెప్తారు.
చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్ కాగితం దాచమని
నాకెవరూ చెప్పలేదు.
కెమిస్ట్రీ కాగితంలో నేను పూరీలు చుట్టుకపోయినా.
దాని నకలు కోసం రిజిస్ట్రార్ గుమ్మం కాడ
నాలుగు గురువారాలు,
"మిగతా సంగతి ఆదివారం" అని వినడానికి.

డాక్టర్ ఖల్ఫాన్‌ని సిఫారసు అడిగేదానికి నోరు రాలేదు.
ఆయన పెట్టిన పరీక్షలో నాకు ఏ గ్రేడు,
ఆయనకి మాత్రం నా మొగం తెలీదు.
మళ్ళీ ఆయన క్లాసే తీసుకొని
ముందు బెంచీలో కూర్చొని
తప్పో ఒప్పో అడగడం మొదలుపెట్టినా.
ఒకరోజు నాయన ట్యాంకరు నీళ్ళు సీసాలో పట్టుకపోయి
"మధ్యాహ్నానికి వీటి రుచి ఎందుకు మారతాది సార్" అన్నా.
ఆయన టోపీ సర్దుకున్నాడు.
సీసా కిటికీ వెలుతురుకి పట్టి చూసినాడు.
"నీ పేరేమి?"
నేను అక్కడ చేరి అప్పటికి పదహారు నెలలు.

రెండో ఉత్తరం ఒకే పేజీ.
మా నాయన తీపినీళ్ళ ట్యాంకరు తోల్తాడు.
సముద్రంలో నుంచి ఉప్పు తీసే చదువు మీ దగ్గర ఉంది,
ఇక్కడ లేదు.
ప్రశ్న అడగడం ఇక్కడే నేర్పినారు.
కల అనే మాట ఎక్కడా రాయలేదు.

సీటొచ్చింది.
యాభై నాలుగు క్రెడిట్లలో ముప్పై తొమ్మిదే దాటినాయి.
పదిహేను సొహార్‌లోనే ఆగిపోయినాయి.
పదిహేను అంటే ఒక సెమిస్టరు.
ఒక సెమిస్టరు అంటే
నాయనకి పదకొండు నెలల ఓవర్‌టైము.
నేను ఏడ్చినా. ఆయన ఏమీ అనలేదు.

తెల్లారి నీళ్ళు పట్టే చోటికి తీసకపోయినాడు.
పైపు కలిపే కాడ
ఎంత బిగించినా కారతానే ఉంటాది.
ఏ రసీదులోనూ ఎక్కని నీళ్ళు.
కింద ఇసకలో జానెడు గడ్డి,
దాన్ని కొరకతా రెండు మేకలు.
"ట్యాంకు నిండిందా, అది చూడు" అన్నాడు
వాల్వు తిప్పుతా.

మస్కట్‌లో మొదటి రోజు
హాస్టలు గుమస్తా ఏదో కాగితం అడిగినాడు, అరబీలో.
నేను అరబీలోనే జవాబిచ్చినా,
దాటని పదిహేనులో మూడు క్రెడిట్ల అరబీ.
ఎక్కడ నేర్చుకున్నావన్నాడు.
సొహార్ అన్నా.

సరే గౌతమీ, గడువు ఫిబ్రవరి ఆఖరు.
ఖల్ఫాన్ సారుని జనవరిలోనే అడుగు,
ఆయన నిదానంగా రాస్తాడు, బాగా రాస్తాడు.
పూరీలు
ఇంక దేంట్లోనైనా చుట్టుకో.